మిలిటరీ లైసెన్స్‌తో సొంత కారు నడపొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా ఆయన ఆర్మీలో హవల్దార్, ఎంటీ డ్రైవర్. ఇరవై ఏళ్లకు పైగా పెద్ద లారీలు నడుపుతున్నారు. వచ్చే ఏడాది రిటైర్ అయి ఇంటికి వచ్చేస్తారు. మొన్న సెలవుకు వచ్చినప్పుడు మా అన్నయ్య కారు తీసుకుని టౌన్‌కు వెళ్తుంటే పోలీసులు ఆపారు. మిలిటరీ లైసెన్స్ చూపిస్తే ‘ఇది ఇక్కడ చెల్లదు’ అని చలానా రాశారు. లడఖ్‌లో కాన్వాయ్ నడిపినవాడికి ఊళ్లో కారు నడిపే అర్హత లేదా అని ఆయన చాలా బాధపడ్డారు. రిటైర్ అయ్యాక లారీ కొని నడుపుకుందామని మా ఆలోచన. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి లైసెన్స్ టెస్టులు పాస్ అవ్వాలా? ఇంకో సంగతి. మేం ప్రస్తుతం రాజస్థాన్‌లో క్వార్టర్స్‌లో ఉంటున్నాం. నాకు ఆంధ్రాలో తీసుకున్న లైసెన్స్ ఉంది. అది ఇక్కడ పనికిరాదని, కొత్తది చేయిస్తానని ఒక ఏజెంట్ డబ్బు అడుగుతున్నాడు. మా బాబుకు 17 ఏళ్లు. కంటోన్మెంట్ లోపలే కదా అని స్కూటర్ మీద ట్యూషన్‌కు వెళ్తుంటాడు. అందరి పిల్లలూ అలాగే వెళ్తున్నారు. అది తప్పా? ఇక్కడ కారు కొంటే బీహెచ్ (భారత్ సిరీస్) నంబర్ తీసుకోవచ్చంటున్నారు, తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, ముందు పోలీసుల సంగతి. ఆ చలానా చట్టం ప్రకారమే రాశారు. అయినా మీవారి బాధ నాకు అర్థమైంది. మైనస్ డిగ్రీల చలిలో, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ ఉన్న రోడ్ల మీద అన్నేళ్లు బండి నడిపిన మనిషిని నడిరోడ్డు మీద ఆపి ‘నీకు లైసెన్స్ లేదు’ అంటే ఎవరికైనా గుచ్చుకుంటుంది. అక్కడ ఆయన డ్రైవింగ్‌ను ఎవరూ శంకించలేదు. ఆ కార్డు ఏ బండికి ఇచ్చారన్నదే అక్కడి ప్రశ్న.

మోటారు వాహనాల చట్టం, 1988లో 18వ సెక్షన్ ఉంది. సైన్యంలో ఇచ్చే డ్రైవింగ్ లైసెన్స్‌కు ఆధారం అదే. 18 ఏళ్లు నిండినవారికి దేశమంతా చెల్లేలా ఈ లైసెన్స్ ఇవ్వొచ్చు. కానీ అది కేంద్ర ప్రభుత్వానికి చెందిన, లేదా పూర్తిగా దాని ఆధీనంలో ఉన్న, దేశ రక్షణ పనికి వాడే వాహనాలకు మాత్రమే. అదే సెక్షన్‌లో మూడో క్లాజు ఇంకా సూటిగా ఉంటుంది: ఈ లైసెన్స్ ఉన్నవారు అలాంటి వాహనాలు తప్ప వేరే ఏ మోటారు వాహనమూ నడపడానికి వీల్లేదు. అంటే పైకి బాణం గుర్తున్న నంబర్ ప్లేటు బండి ఎక్కినంతసేపూ ఆయన లైసెన్స్ కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా చెల్లుతుంది. సెలవులో మీ అన్నయ్య కారు ఎక్కితే చట్టం దృష్టిలో ఆయన దగ్గర లైసెన్స్ లేనట్టే. మామూలు జనంలో ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. సైన్యంలో 18 ఏళ్ల కుర్రాడు కూడా లారీ నడపగలుగుతున్నాడంటే ఈ ప్రత్యేక సెక్షన్ వల్లే. ఆ వెసులుబాటు ఉన్నచోటే ఈ హద్దు కూడా పెట్టారు.

లైసెన్స్ లేకుండా నడిపితే 2019 సవరణ తర్వాత 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. లైసెన్స్ లేనివారికి బండి ఇచ్చిన యజమాని మీద కూడా విడిగా కేసు పెట్టవచ్చు. కాబట్టి ఈ విషయం మీ అన్నయ్యకు కూడా చెప్పండి. చలానాతో పోయింది కాబట్టి సరిపోయింది. నాకు భయమల్లా యాక్సిడెంట్ జరిగితే ఏమిటన్నది. సరైన లైసెన్స్ లేని డ్రైవర్ చేతిలో ప్రమాదం జరిగితే సొంత కారు రిపేరుకు ఇన్సూరెన్స్ కంపెనీ పైసా ఇవ్వనంటుంది. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే నష్టపరిహారం కంపెనీ ముందు కట్టి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ లక్షలు చివరికి మీ అన్నయ్య నెత్తిన పడతాయి. అందుకే చేతికి మామూలు లైసెన్స్ వచ్చేదాకా మీవారు సెలవులో కారు గానీ బైకు గానీ ముట్టుకోవద్దు. ఈ మాట కఠినంగానే చెప్తున్నాను. మిలిటరీ కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు కూడా ఐడీ కార్డు చూపిస్తే వదిలేస్తారులే అనుకుంటారు. పోలీసు వదిలేసినా ఇన్సూరెన్స్ కంపెనీ వదలదు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. మొదటి నుంచి టెస్టులు పాస్ అవ్వాలా? అక్కర్లేదు. అదే చట్టంలో 9వ సెక్షన్ మూడో క్లాజు చూడండి. 18వ సెక్షన్ కింద ఇచ్చిన లైసెన్స్ ఇప్పుడు ఉన్నవారు గానీ, ఒకప్పుడు ఉన్నవారు గానీ ఆ తరగతి వాహనానికి మామూలు లైసెన్స్ అడిగితే డ్రైవింగ్ టెస్ట్ పెట్టాల్సిన పని లేదని అందులో రాసి ఉంది. నడిపితే జనానికి ప్రమాదం కలిగించే వైకల్యం మాత్రం ఉండకూడదు. ‘ఒకప్పుడు ఉన్నవారు’ అన్నారు కాబట్టి రిటైర్ అయ్యాక కూడా ఈ మినహాయింపు పోదు. అయినా నేను సర్వీసులో ఉండగానే చేయించుకోమంటాను. రుజువు చూపించే బాధ్యత దరఖాస్తు పెట్టినవారిదే. ఇప్పుడైతే లైసెన్స్ చేతిలో ఉంటుంది, యూనిట్ దగ్గరుంటుంది, ఆఫీసర్ సంతకం ఒక్క రోజులో దొరుకుతుంది. డిశ్చార్జ్ అయ్యి ఊరు చేరాక ఒక కాగితం తక్కువైతే వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రికార్డ్ ఆఫీసుకు ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవాలి.

కాబట్టి మీవారు చేయాల్సింది ఇది. మిలిటరీ లైసెన్స్‌లో ఏయే తరగతుల వాహనాలు రాసి ఉన్నాయో ముందు చూసుకోవాలి. టెస్ట్ మినహాయింపు ఆ తరగతులకే వర్తిస్తుంది. బైకు పేరు అందులో లేకపోతే బైకుకు మాత్రం అందరిలాగే ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే లైసెన్స్) తీసుకుని టెస్ట్ ఇవ్వాలి. కొత్తగా నడిపిన తరగతి ఏదైనా లైసెన్స్‌లో ఎక్కకపోతే యూనిట్‌లో ఇప్పుడే ఎక్కించుకోవాలి. తర్వాత ఆ లైసెన్స్ కాపీలు అటెస్ట్ చేయించుకుని, తాను ఫలానా తేదీ నుంచి డ్రైవర్‌గా పనిచేస్తున్నట్టు యూనిట్ లెటర్ హెడ్ మీద ఒక లేఖ తీసుకోవాలి. రెండు నెలల యాన్యువల్ లీవుకు వచ్చినప్పుడు మీ జిల్లాలోనే ఆర్‌టీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టవచ్చు. ఆఫీసువాళ్లు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోమన్నా గొడవ పడొద్దు, తీసుకోండి. ఎల్‌ఎల్‌ఆర్ తర్వాత టెస్టుకు 30 రోజులు ఆగాలన్నా ఆ సెలవులో ఇమిడిపోతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ టెస్ట్ దగ్గర నిలబెడితే మాత్రం 9వ సెక్షన్ మూడో క్లాజు ప్రింట్ తీసి మర్యాదగా చూపించండి. ఇలాంటి దరఖాస్తులు కౌంటర్ దగ్గరికి రోజూ రావు. క్లర్కుకు తెలియకపోవడం సహజం. చూపిస్తే పై అధికారిని అడిగి చేస్తారు.

రెండు లైసెన్సులు ఉంటే యూనిట్‌లో తప్పు పడతారేమో అన్న సందేహం జవాన్లలో ఉంటుంది. ఒక మనిషికి రెండు డ్రైవింగ్ లైసెన్సులు ఉండకూడదని 6వ సెక్షన్ చెబుతుంది, నిజమే. కానీ 18వ సెక్షన్ కింద ఇచ్చిన దాన్ని ఆ లెక్కలోంచి అదే సెక్షన్ తీసేసింది. మిలిటరీది ఒకటి, మామూలుది ఒకటి పెట్టుకోవడం పూర్తిగా చట్టబద్ధం.

లారీ గురించి. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. పాత రోజుల్లో మీడియం, హెవీ అని విడివిడిగా ఉండేవి. 1994 సవరణ తర్వాత మామూలు లైసెన్స్ మీద అవన్నీ కలిపి ‘ట్రాన్స్‌పోర్ట్ వాహనం’ అనే ఒకే తరగతి అయ్యాయి. మీవారి మిలిటరీ లైసెన్స్‌లో హెవీ అని ఉంటే ఇక్కడ అడగాల్సింది ట్రాన్స్‌పోర్ట్. కారు తరగతి, అంటే ఎల్‌ఎంవీ, ఒక్కటే తీసుకుని సరిపెట్టుకోవద్దు. దరఖాస్తులోనే రెండూ అడగాలి. ట్రాన్స్‌పోర్ట్‌కు డాక్టర్ ఇచ్చే ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ కావాలి. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్ నుంచి ఫారం 5 సర్టిఫికెట్ కూడా ఈ తరగతికి అడుగుతారు. టెస్ట్ మినహాయింపు ఉంది కదా అని దీన్ని మర్చిపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అందుకని వెళ్లే ముందే ఆఫీసులో ఈ ఒక్క ప్రశ్న అడిగి పెట్టుకోండి.

మీరు కొనాలనుకుంటున్నది చిన్న గూడ్స్ బండి అయితే దారి ఇంకా తేలిక. సరుకుతో కలిపి 7,500 కిలోల లోపు బరువుండే ట్రాన్స్‌పోర్ట్ వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్స్‌తోనే నడపవచ్చని, ప్రత్యేకంగా ట్రాన్స్‌పోర్ట్ అని రాయించుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం 2024 నవంబర్‌లో తీర్పిచ్చింది. మొదటి ఏడాది అప్పు చేసి పెద్ద లారీ కొనడం కంటే చిన్న బండితో లైను అలవాటు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. డ్రైవింగ్ ఆయనకు కొత్త కాదు. కిరాయిలు వెతుక్కోవడం, బ్రోకర్లతో బేరాలు, టైర్ల ఖర్చు, ఫిట్‌నెస్, పర్మిట్... ఇవన్నీ కొత్త. సైన్యంలో బండికి డీజిల్, టైర్లు ఎవరో చూసుకునేవారు.

ఆయన ఆర్మీలో ఇంధన ట్యాంకర్లు నడిపి ఉంటే ఆ అనుభవంతో బయట పెట్రోల్ ట్యాంకర్ ఉద్యోగం దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. ప్రమాదకర సరుకులు మోసే బండి నడపాలంటే మూడు రోజుల ప్రత్యేక శిక్షణ తీసుకుని, ఆ సంగతి లైసెన్స్ మీద ఎక్కించుకోవాలి. మామూలు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ గడువు ఐదేళ్లయితే దీనిది మూడేళ్లే. ఆ ఆలోచన ఉంటే శిక్షణ కూడా ఇప్పుడే తీసుకోవడం మంచిది.

ఇక మీ లైసెన్స్. ఆ ఏజెంట్‌కు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఏ రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్స్ అయినా, ఎల్‌ఎల్‌ఆర్ అయినా భారతదేశమంతా చెల్లుతుందని 13వ సెక్షన్ చెబుతుంది. గడువు ఉన్నంతకాలం మీ ఆంధ్రా లైసెన్స్ రాజస్థాన్‌లోనూ, అస్సాంలోనూ, అండమాన్‌లోనూ ఒక్కటే. పైగా అతను చేయిస్తానంటున్నది మిమ్మల్ని ఇబ్బందిలో పడేసే పని. ఇంతకు ముందు చెప్పిన 6వ సెక్షన్ మీకు వర్తిస్తుంది. ఒక లైసెన్స్ ఉండగా, ఆ సంగతి దాచి రెండోది తీసుకోవడం నేరం. లైసెన్సుల వివరాలు ఇప్పుడు సారథి అనే దేశవ్యాప్త డేటాబేస్‌లో ఉంటున్నాయి. రెండోది బయటపడితే మొదటిది కూడా చిక్కుల్లో పడుతుంది. పోస్టింగ్ మారిన ప్రతిచోటా కొత్త లైసెన్స్ చేయించుకుంటూ పోయిన కుటుంబాలు ఉన్నాయి. ఏజెంట్లకు అది బంగారు గుడ్డు పెట్టే బాతు. మీరు దానికి లొంగకండి.

మీకు నిజంగా కావాల్సింది రెండే. అడ్రస్ మార్చుకోవాలనిపిస్తే ఉన్న లైసెన్స్ మీదే మార్చుకోవచ్చు. గడువు దగ్గర పడితే రెన్యూవల్‌కు ఆంధ్రా రానక్కర్లేదు, దేశంలో ఏ లైసెన్సింగ్ అధికారి అయినా రెన్యూవల్ చేయొచ్చు. ఇంకో ఏడాదిలో ఊరికే వచ్చేస్తున్నారు కాబట్టి అడ్రస్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దని నా సలహా. దానికి బదులు సారథి వెబ్‌సైట్‌లో మీ లైసెన్స్ నంబర్ కొట్టి వివరాలు కనిపిస్తున్నాయా లేదా చూడండి. పాత పుస్తకం లైసెన్సులు కొన్ని ఆన్‌లైన్‌లోకి ఎక్కలేదు. మీది అలాంటిదైతే ఎక్కించాల్సింది ఇచ్చిన ఆఫీసే. కాబట్టి ఈసారి ఊరొచ్చినప్పుడు మొదటి పని అదే పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో ఉన్న లైసెన్స్‌ను డిజిలాకర్‌లో పెట్టుకుంటే చెకింగ్‌లో ఫోన్‌లో చూపించినా చెల్లుతుంది.

గడువు గురించి ఒక్క మాట ఎక్కువ చెప్తాను, ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉండే జవాన్లకు ఇది చాలా ముఖ్యం. గడువు అయిపోయాక కూడా 30 రోజులు లైసెన్స్ చెల్లుతుందని ఒక పాత నిబంధన ఉండేది. చాలామంది ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. 2019 సవరణలో దాన్ని తీసేశారు. గడువు తేదీ దాటిన మర్నాడు బండి తీస్తే లైసెన్స్ లేనట్టే. కానీ రెన్యూవల్‌కు గడువుకు ఏడాది ముందు నుంచి ఏడాది తర్వాత వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ఏడాది కూడా దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ పెడతారు. కాబట్టి సరిహద్దుకు వెళ్లే ముందు సెలవులోనే, ఇంకా ఎనిమిది నెలలు ఉన్నా సరే, రెన్యూవల్ చేసుకుని వెళ్లొచ్చు. ఈ సంగతి మీవారి తోటి జవాన్లకు కూడా చెప్పమనండి.

బీహెచ్ నంబర్ 2021 సెప్టెంబర్ నుంచి ఉంది, సైన్యంలో ఉన్నవారు తీసుకోవచ్చు. రెండేళ్లకోసారి రోడ్ టాక్స్ కడితే చాలు, రాష్ట్రం మారినప్పుడల్లా రిజిస్ట్రేషన్ మార్చే బాధ ఉండదు. మామూలు నంబర్ బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి కదా, ఆ తిప్పలు తప్పించడానికే ఇది. ఇంకా పదేళ్ల సర్వీసు ఉంటే తప్పకుండా తీసుకోమనేవాడిని. ఏడాదిలో ఊళ్లో స్థిరపడబోయే మీకు దానితో పనిలేదు. కారు కొనడం ఆగగలిగితే ఊరొచ్చాకే కొని అక్కడే సీ బుక్ తీసుకోండి.

చివరగా మీ బాబు. మీ ప్రశ్నలన్నిటిలో నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది ఇదే. 16 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలకు చట్టం ఇచ్చే లైసెన్స్ గేర్ లేని 50 సీసీ బండికి మాత్రమే. ఇప్పుడు ఇళ్లల్లో ఉన్న స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ దాటినవే. అంటే బాబు నడుపుతున్నది అతని వయసుకు లైసెన్స్ దొరకని బండి. కంటోన్మెంట్ లోపలే కదా అన్న సాకు ఇక్కడ పనిచేయదు. జనానికి ప్రవేశించే హక్కున్న ప్రతి రోడ్డూ చట్టం ప్రకారం పబ్లిక్ ప్లేసే. కంటోన్మెంట్‌లో చాలా రోడ్లు అలాంటివే. గేటు వేసిన యూనిట్ లైన్ల లోపలి రోడ్డు గురించి లాయర్లు వాదించుకోవచ్చు. ట్యూషన్ మాత్రం గేటు బయటే ఉంటుంది కదా.

మైనర్ బండి నడిపి నేరం జరిగితే 199ఏ సెక్షన్ తల్లిదండ్రులను లేదా బండి యజమానిని దోషిగా చూస్తుంది. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. బాబుకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. రేపు అతను నాన్నలా సైన్యంలో చేరాలనుకున్నా, వేరే ఉద్యోగం చూసుకున్నా ఈ చివరి శిక్ష ఎంత దూరం వెంటాడుతుందో ఆలోచించండి. రిటైర్మెంట్ ముందు కోర్టు కేసు మీవారికి ఎంత తలనొప్పో నేను వేరే చెప్పక్కర్లేదు. ఇవన్నీ అలా ఉంచి, ఒక కాన్వాయ్ లారీ వెనక్కి వస్తున్నప్పుడు డ్రైవర్‌కు అద్దంలో కనిపించని చోటు ఎంత ఉంటుందో మీవారిని అడిగి చూడండి. బాబుకు కూడా ఆయనతోనే చెప్పించండి, మీ మాటకంటే ఆ మాట ఎక్కువ పనిచేస్తుంది.

ఈలోగా సైకిల్ ఇవ్వండి. ఎలక్ట్రిక్ బండే కావాలని పట్టుబడితే మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, నిబంధన ప్రకారం మోటారు వాహనం కాదని గుర్తింపు ఉన్నదే చూడండి. దానికి లైసెన్స్ అక్కర్లేదు, హెల్మెట్ మాత్రం పెట్టించండి. 18 నిండగానే ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు చేయించవచ్చు. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లొచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ రాజస్థాన్‌లో, టెస్ట్ ఆంధ్రాలో అని రెండు చోట్లకు ముక్కలు చేసుకోకండి, కాగితాలు తిరగడంలోనే ఆరు నెలలూ అయిపోతాయి. బాబు పుట్టినరోజుకూ మీరు సామాను కట్టుకునే తేదీకీ మధ్య మూడు నెలలైనా ఉంటే అక్కడే మొదలుపెట్టి అక్కడే పూర్తి చేయించండి. లేకపోతే శ్రీకాకుళం వచ్చాక, నాన్నను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నేర్చుకోమనండి. అప్పటికి మీవారి చేతిలో మామూలు లైసెన్స్ ఉండాలి. నేర్చుకునేవారి పక్కన కూర్చునే మనిషికి కూడా ఆ బండి నడిపే లైసెన్స్ ఉండాలన్నది నిబంధన, దానికి మిలిటరీ లైసెన్స్ సరిపోదు.